మిగతా మూడు ఆప్షన్లు

మా మావయ్య వాళ్లది ఆమదాలవలస. రైల్లో దిగితే స్టేషన్ పేరు మాత్రం శ్రీకాకుళం రోడ్. మొదటిసారి వచ్చేవాళ్లు ఆ పేరు చూసి శ్రీకాకుళం వచ్చేశామనుకుని సామాన్లు దింపేస్తారు. బయటికొచ్చి ఆటో అతన్ని అడిగితే తెలుస్తుంది, అసలు శ్రీకాకుళం ఇంకా పది కిలోమీటర్ల పైనే ఉందని. బోర్డు అబద్ధమేమీ చెప్పలేదు. "రోడ్" అన్న ముక్క మనమే చదవలేదు.

బిట్ పేపర్లో తప్పు ఆప్షన్ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. మనం తొందరలో ఏం చూస్తామో ముందే ఊహించి, సరిగ్గా అక్కడ బోర్డు పెడతారు. ఈ సంగతి నాకు ఇంటర్‌లో తెలియదు, ఎంసెట్ రాసినప్పుడూ తెలియదు. ఇంజినీరింగ్‌లో చేరాక, అదీ ఒక సబ్జెక్టు పోగొట్టుకున్నాక తెలిసింది.

పోయిన సంక్రాంతి సెలవులకి మావయ్య వాళ్లింటికి వెళ్లాను. మా బావమరిది అప్పుడు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. వాడి టేబుల్ మీద మూడు బిట్ బ్యాంకులు, అన్నిట్లోనూ ఆప్షన్ల పక్కన పెన్సిల్ టిక్కులు. పండగ పూట కూడా చదువుతున్నాడు. మార్కులు మాత్రం కదలట్లేదు. గ్రాండ్ టెస్టుల్లో 160కి 58, 62, 60, మళ్లీ 62.

"రోజుకి వంద బిట్లు సేస్తన్నాను బావా. కీ సూస్తే అన్నీ తెలిసినట్టే ఉంతాయి. టెస్టులో కూకుంటే ఏటీ రాదు" అన్నాడు.

మావయ్య వీధి అరుగు మీంచే అన్నాడు, "గుంటడికి కూసింత సెప్పు బాబూ. ఈసారి కన్వీనర్ సీటు రాకపోతే నాన్ కట్టలేను." మావయ్య మామూలుగా డబ్బు గురించి మా ముందు మాట్లాడడు. కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటా సీటొస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. మేనేజ్‌మెంట్ కోటా అంటే పొలం మాట ఎత్తాల్సిందే. వాడు తల పుస్తకంలోంచి ఎత్తలేదు గానీ పెన్సిల్ ఆగిపోయింది.

ముందు ఒక చిన్న లెక్క చెప్తాను. అది వాడికి చెప్తే ముఖం మాడిపోయింది. ఏపీ ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఒక్కో దానికి నాలుగు ఆప్షన్లు, తప్పుకి మైనస్ లేదు. అసలేమీ చదవకుండా కళ్లు మూసుకుని 160 క్లిక్కులు కొడితే సగటున నాలుగోవంతు, అంటే 40 మార్కులు వస్తాయి. తమాషా ఏంటంటే జనరల్ కేటగిరీకి క్వాలిఫై అవ్వడానికి కావలసిందీ 25 శాతమే, అదే 40. అంటే 62 తెచ్చుకున్నవాడికి తెలిసింది 62 కాదు. ఎక్స్ ప్రశ్నలు నిజంగా తెలిసి, మిగతావన్నీ గుడ్డిగా పెట్టాడనుకుని చూస్తే, ఎక్స్ దాదాపు 29 వస్తుంది. రోజుకి వంద బిట్లు చేసే మనిషికి 160లో తెలిసినవి ముప్పై కూడా లేవు!

మరి ఆ వంద బిట్లు ఎక్కడికి పోతున్నాయి? పక్కన కూర్చుని గమనించాను. ప్రశ్న చదువుతాడు, అరనిమిషం చూస్తాడు, ఒక ఆప్షన్ టిక్ పెడతాడు, వెంటనే వెనక పేజీ తిప్పి కీ చూస్తాడు. కీ 3 అంటే "ఆ, మూడే, నానూ అదే అనుకున్నాను" అంటాడు. నిజంగా అనుకున్నాడా లేదా అన్నది వాడికే తెలీదు. కీ చూడగానే మెదడు వెనక్కెళ్లి "నాకు ముందే తెలుసు" అని రాసేసుకుంటుంది. నేనూ రెండేళ్లు ఇదే చేశాను కాబట్టి నవ్వలేకపోయాను.

ఇక్కడ నా కథ కొంచెం చెప్పాలి. నేను ఎంసెట్‌లో షార్ట్‌కట్ల మీద నెగ్గుకొచ్చిన మనిషిని. మాత్రికల బిట్ వస్తే చాలు పండగే. త్రీ బై త్రీ మాత్రికకి ఐగెన్ విలువలు అడిగితే, డయాగొనల్ కూడితే వాటి మొత్తం, డిటర్మినెంట్ కడితే వాటి లబ్ధం. ఆ రెండూ చూసి, సరిపోయే ఆప్షన్ టిక్. ఫస్టియర్ ఎమ్‌1 పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. కూడాను, గుణించాను, పెన్ను ఆగిపోయింది. ఆప్షన్లేవీ? తెలియని విలువలు మూడు, నా దగ్గరున్న సమీకరణాలు రెండు. ఉదాహరణకి కూడితే 13, గుణిస్తే 36 వచ్చే మూడు సంఖ్యలు చెప్పమంటే 1, 6, 6 సరిపోతాయి, 2, 2, 9 కూడా సరిపోతాయి. ఏది కరెక్టో ఎలా తెలుస్తుంది? ఇన్నాళ్లూ ఆ మూడో సమీకరణాన్ని ప్రశ్నపత్రమే ఆప్షన్ల రూపంలో నాకు ఇస్తూ వచ్చింది. నేనేమో అది నా తెలివి అనుకున్నాను. క్యారెక్టరిస్టిక్ ఈక్వేషన్ రాయడం అప్పటికి నాకు రాదు. ఎమ్‌1 బ్యాక్‌లాగ్. ఇంట్లో చెప్పడానికి పది రోజులు పట్టింది.

అందుకని షార్ట్‌కట్లు దండగ అని నేను అనను. 160 ప్రశ్నలకి 180 నిమిషాలు, అంటే ఒక్కోదానికి అరవై ఏడున్నర సెకన్లు. ప్రతి లెక్కా ఇంటర్ పబ్లిక్‌లో రాసినట్టు రాస్తే సగం పేపర్ మిగిలిపోతుంది. అసలు ఈ పరీక్ష పద్ధతి పుట్టిందే వేగం కోసం. అమెరికాలో కాన్సస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ అనే ఆయన 1915 ప్రాంతంలో పిల్లల చదివే శక్తిని కొలవడానికి, దిద్దేవాళ్ల ఇష్టాయిష్టాలతో పని లేకుండా, ఇచ్చిన వాటిలోంచి జవాబు గుర్తించే పరీక్ష తయారుచేశాడు. 1917లో అమెరికన్ సైన్యం లక్షల మందిని అలాంటి పరీక్షలతోనే వడపోసింది. 1938లో ఐబీఎమ్ పెన్సిల్ గుర్తులోని గ్రాఫైట్ గుండా కరెంటు పంపి మార్కులు లెక్కపెట్టే మెషీన్ తెచ్చింది. మన దగ్గర ఓఎంఆర్ పోయి, ఏపీ ఎంసెట్ 2017 నుంచి కంప్యూటర్ మీదికొచ్చింది. ఈ వంద ఏళ్లలో బాగుపడింది దిద్దడం. నేర్చుకోవడం సంగతి ఎవరికి వారే చూసుకోవాలి.

షార్ట్‌కట్ అంటే ఏంటో, అదెప్పుడు మోసం చేస్తుందో వాడికి ఒక ట్రిగనామెట్రీ బిట్‌తో చూపించాను. (సైన్ తీటా + కొసెక్ తీటా) హోల్ స్క్వేర్, ప్లస్ (కాస్ తీటా + సెక్ తీటా) హోల్ స్క్వేర్ ఎంత? ఆప్షన్లు: ఒకటి, 9. రెండు, 5 + టాన్ స్క్వేర్ + కాట్ స్క్వేర్. మూడు, 7 + టాన్ స్క్వేర్ + కాట్ స్క్వేర్. నాలుగు, 7 + సెక్ స్క్వేర్ + కొసెక్ స్క్వేర్. అందరం చేసేది తీటాకి 45 డిగ్రీలు వెయ్యడం. వేస్తే 9 వస్తుంది. వాడు వెంటనే ఒకటి టిక్ పెట్టేశాడు.

"మూడోది కూడా చూడరా. టాన్ 45 ఒకటి, కాట్ 45 ఒకటి. ఏడూ రెండూ?"

"...తొమ్మిది."

45 దగ్గర టాన్, కాట్ ఒకటే అయిపోతాయి, సైన్, కాస్ ఒకటే అయిపోతాయి. వేర్వేరు ఆప్షన్ల మధ్య తేడా చూపించాల్సిన విలువ ఆ తేడానే చెరిపేసింది. పేపర్ సెట్ చేసినవాళ్లకి మనం 45 వేస్తామని తెలుసు, అందుకే 9 అక్కడ కూర్చుంది. 30 వేసి చూడండి. మొదటి బ్రాకెట్ రెండున్నర, దాని వర్గం 6.25. రెండోదాని వర్గం 4.083. కూడితే 10.33. మూడో ఆప్షన్ 7 + మూడోవంతు + 3, సరిపోయింది. విలువ వేసే పద్ధతిలో తప్పు లేదు. వేసే విలువ కాస్త వంకరగా ఉండాలి, అంతే. 0, 45, 1 లాంటి అందమైన విలువలు ఆప్షన్లన్నిటికీ చుట్టాలే.

ఫిజిక్స్‌లో ఇంకా మంచి దారి ఉంది. కప్పీ మీద తాడు, రెండు వైపులా ఎమ్‌1, ఎమ్‌2 ద్రవ్యరాశులు, తాడులో తన్యత ఎంత? ఆప్షన్లు: (ఎమ్‌1 + ఎమ్‌2) జి. (ఎమ్‌1 − ఎమ్‌2) జి. ఎమ్‌1 ఎమ్‌2 జి బై (ఎమ్‌1 + ఎమ్‌2). దానికి రెండు రెట్లు. డైమెన్షన్లు చూస్తే నాలుగూ బలాలే, అక్కడ ఏమీ తేలదు. ఇప్పుడు ఒక వైపు ద్రవ్యరాశి తీసేయండి. రెండోది స్వేచ్ఛగా పడిపోతుంది, తాడు వదులు, తన్యత సున్నా. మొదటి రెండు ఆప్షన్లు సున్నా అవ్వవు, పోయాయి. తర్వాత రెండు వైపులా సమానంగా ఎమ్ పెట్టండి. కదలిక లేదు, తాడు ఒక ఎమ్ బరువు మోస్తుంది, అంటే ఎమ్ జి. మూడోది సగమే ఇస్తుంది, నాలుగోదే జవాబు. పది సెకన్ల పని. కానీ ఈ పది సెకన్లకి ఫార్ములా గుర్తుండక్కర్లేదు గానీ, తాడు ఏం చేస్తుందో తెలిసి ఉండాలి. నా దృష్టిలో మంచి షార్ట్‌కట్ అంటే ఇది. సబ్జెక్టు తెలిసినవాడికే పనిచేస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. వాడికి నేను పెట్టిన రూలు ఒక్కటే. స్కేలు పెట్టి ఆప్షన్లు మూసేయ్. లెక్క చెయ్. నీ జవాబు కాగితం మీద రాశాకే స్కేలు తియ్. తీశాక, సరైన ఆప్షన్ సంగతి వదిలేసి, మిగతా మూడూ ఎవరు ఏ తప్పు చేస్తే వస్తాయో కనిపెట్టు.

మేం చేసిన మొదటి బిట్ ఇది. మేడ అంచున నిలబడి ఒక రాయిని సెకనుకి 10 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. 4 సెకన్లకి అది నేల మీద పడింది. మేడ ఎత్తెంత? జి విలువ 10 అనుకోండి. ఆప్షన్లు 80, 120, 45, 40.

వాడికి 45 వచ్చింది. స్కేలు తీస్తే 45 ఉంది, సంతోషం. కీలో 40.

"మరి నలభై అయిదు ఎందుకిచ్చినాడు?" అని కోపంగా అడిగాడు. ఆ ప్రశ్న కోసమే నేను కూర్చున్నది. రాయి మొదటి సెకను పైకి పోతుంది, 5 మీటర్లు ఎక్కి ఆగుతుంది. మిగిలిన 3 సెకన్లు కిందికి, 45 మీటర్లు. ఆ 45 రాయి ఎక్కిన చోటి నుంచి నేల దాకా. మేడ ఎత్తు కావాలంటే అందులోంచి పైకెక్కిన 5 తియ్యాలి. వాడు లెక్క అంతా సరిగ్గా చేసి చివరి మెట్టు మీద కూర్చుండిపోయాడు. 80 ఎవరిది? తొలివేగం మర్చిపోయి, రాయిని ఊరికే వదిలేశారనుకున్నవాడిది. 120? గుర్తు తప్పినవాడిది, రాయిని పైకి కాకుండా కిందికి విసిరేశాడు. ఒక్క బిట్‌లో ముగ్గురు మనుషులున్నారు. వాళ్లని గుర్తుపట్టడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో వాడికి చలన సమీకరణాల్లో గుర్తుల గొడవ తీరిపోయింది.

తర్వాత ఒక నోట్‌బుక్ పెట్టించాను. తప్పు పోయిన ప్రతి బిట్‌కీ అందులో ఒక వాక్యం: నేను ఏ తప్పు మనిషిని? మూడు వారాలకి చూస్తే సగానికి పైగా ఒకే మాట. "మధ్యలో ఆగిపోనాను." వ్యాసార్థం అడిగితే దాని వర్గం దగ్గర, మూలాల మొత్తం అడిగితే మూలాల దగ్గర ఆగిపోతున్నాడు. ఫార్ములాలు రాక కాదు, అడిగింది ఏమిటో చివర్లో మళ్లీ చూడక. ఆ రోగానికి ఇంకో వంద బిట్లు మందు కాదు కదా. ప్రశ్నలో అడిగిన మాటకి ముందే గీత గీసుకోవడం మందు. కంప్యూటర్ మీద గీత కుదరదు కాబట్టి రఫ్ కాగితం మీద ముందు "ఎత్తు = ?" అని రాసుకోవడం అలవాటు చేసుకున్నాడు.

ఇది నా సొంత తెలివి మాత్రమే కాదని తర్వాత తెలిసింది. 2005లో హెన్రీ రోడిగర్, ఎలిజబెత్ మార్ష్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం రాశారు. విద్యార్థులకి ముందు మల్టిపుల్ చాయిస్ పరీక్ష పెట్టి, తర్వాత ఆప్షన్లు లేకుండా అవే విషయాలు అడిగారు. ముందు పరీక్ష రాయడం వల్ల మొత్తం మీద లాభమే కనిపించింది. కానీ అందులో చూసిన తప్పు ఆప్షన్లు కొన్ని తర్వాత జవాబులుగా బయటికొచ్చాయి. అంటే తప్పు ఆప్షన్‌ని ఊరికే చదివి వదిలేస్తే అది కూడా మన తలలో అద్దెకి దిగుతుంది. అది ఎందుకు తప్పో అక్కడికక్కడే తేల్చి పంపెయ్యాలి.

అయితే ఒక హెచ్చరిక. అన్ని బిట్ బ్యాంకులూ ఇంత శ్రద్ధగా తయారుకావు. కొన్నిట్లో ఆప్షన్లు నిద్రలో రాసినట్టుంటాయి, 17, 18, 19, 20 అని. అక్కడ తవ్వకండి, ఏమీ దొరకదు. కొన్నిట్లో కీయే తప్పు. మా వాడు ఒక బిట్ మీద గంటన్నర ఏడ్చాక తేలింది, అచ్చుతప్పని. పాత ఈఏపీసెట్ పేపర్లు అన్నిటికంటే నయం. వాటికి ముందు ప్రిలిమినరీ కీ ఇచ్చి, అభ్యంతరాలు తీసుకుని, తర్వాత ఫైనల్ కీ ఇస్తారు కాబట్టి కొంతైనా వడపోత జరిగి ఉంటుంది.

మొదట్లో వాడు ఒప్పుకోలేదు. "మా క్లాసులో అందరూ వంద సేస్తంటే నాన్ పాతిక సేస్తే ఎలగ బావా?" అన్నాడు. ఫిబ్రవరి మొదటి గ్రాండ్ టెస్టులో 62 కాస్తా 57 అయింది. ఆ రోజు అత్త ఫోన్ చేసి నన్నేమీ అనలేదు, "తిన్నావా బాబూ" అని మాత్రం అడిగి పెట్టేసింది. అది తిట్టడం కంటే ఎక్కువ. మార్కులు తగ్గింది వేగం వల్లే. ప్రతి బిట్‌నీ తవ్వడం అలవాటై పరీక్షలో కూడా తవ్వుతున్నాడు. పైగా 22 ప్రశ్నలు ఖాళీగా వదిలేశాడు! మైనస్ లేని పరీక్షలో ఖాళీ వదలడం అంటే చేతిలో ఉన్నది పారేయడం. ఆ 22 గుడ్డిగా పెట్టినా సగటున అయిదారు మార్కులు. రెండేసి ఆప్షన్లు కొట్టేయగలిగితే పదకొండు.

అప్పుడు రెండూ విడదీశాం. వారంలో ఆరు రోజులు స్కేలు, పాతిక బిట్లు, తవ్వకం. ఆదివారం గడియారం, మొత్తం పేపర్, తవ్వకం బంద్. మొదటి చుట్టులో చూడగానే దారి తెలిసినవి మాత్రమే. రెండో చుట్టులో కాస్త పని ఉన్నవి. చివరి పావుగంట కొట్టివేతలకి. అన్నిటికంటే ఆఖరి నిమిషం ఇంకీ పింకీ పాంకీకి. మధ్యలో ఇంటర్ పబ్లిక్ పరీక్షలకి కూడా స్కేలే కాపాడింది. అక్కడ ఆప్షన్లుండవు కదా. ఏపీలో ఈఏపీసెట్ ర్యాంకుకి ఇంటర్ మార్కుల వెయిటేజీ 25 శాతం కాబట్టి అదీ చిన్న విషయం కాదు.

ఇక్కడ మన క్లాసువాళ్ల కోసం ఒక మాట. "మైనస్ ఉంటే గెస్ చేయకూడదు" అనేది అందరూ గుడ్డిగా అనేస్తారు, లెక్క కట్టరు. జేఈఈ మెయిన్‌లో సరైనదానికి 4, తప్పుకి మైనస్ 1. గుడ్డిగా పెడితే సగటు పావు మార్కు, ఇంకా లాభమే. ఒక ఆప్షన్ కొట్టేస్తే మూడింట రెండొంతుల మార్కు. గేట్‌లో ఒక మార్కు ప్రశ్నకి తప్పైతే మూడోవంతు పోతుంది, కాబట్టి గుడ్డి గెస్ సగటు సరిగ్గా సున్నా. ఒకటి కొట్టేస్తే తొమ్మిదోవంతు లాభం. కానీ గేట్‌లో న్యూమరికల్ ఆన్సర్ ప్రశ్నలున్నాయి, ఆప్షన్లే ఉండవు, అంకెలు మనమే కొట్టాలి. 2021 నుంచి ఒకటికంటే ఎక్కువ జవాబులుండే ప్రశ్నలూ వచ్చాయి. వాటిలో ఒక్కటి తక్కువ పెట్టినా సున్నాయే. ఈ రెండు రకాలకీ మైనస్ లేదు సరే, నా ఐగెన్ విలువల తెలివి మాత్రం అక్కడ చెల్లదు. ఈసారి గేట్ పుస్తకం మీద నేనూ స్కేలు పెట్టాను.

మార్చి ఆఖరుకి వాడి మార్కులు 71, తర్వాత 68, తర్వాత 84. ఇది రాసే సమయానికి పరీక్ష ఇంకా కాలేదు. ర్యాంకు సంగతి నాకు తెలీదు, మావయ్య అడగడం మానేశాడు.

మొన్న రాత్రి వాట్సాప్‌లో వాడి నుంచి ఒక బిట్ వచ్చింది. పుస్తకంలోది కాదు, సొంతంగా రాశాడట. "శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం పొడవు 300 మీటర్లు అనుకో. 200 మీటర్ల రైలు గంటకి 72 కిలోమీటర్ల వేగంతో ఆగకుండా పోతోంది. ప్లాట్‌ఫాం మధ్యలో నిలబడ్డ మనిషిని దాటడానికి ఎంతసేపు పడుతుంది? 25 సెకన్లు, 15 సెకన్లు, 17.5 సెకన్లు, 10 సెకన్లు."

72 అంటే సెకనుకి 20 మీటర్లు, 300కి 200 కలిపితే 500. మూడు సెకన్లలో 25 అని పంపించేశాను.

నీలం టిక్కులు పడ్డాయి. కాసేపు టైపింగ్ అని చూపించింది.

"మనిషిని దాటడానికి ప్లాట్‌ఫాం ఎందుకు కలిపినావు బావా?"